డేటా పోయింది సరే, బ్యాకప్ ఎవరి పూచీ?

ప్రశ్న: మాది హోల్‌సేల్ వ్యాపారం. బిల్లింగ్‌కూ స్టాక్ లెక్కలకూ ఇద్దరు కుర్రాళ్ళు నడిపే చిన్న సంస్థతో సాఫ్ట్‌వేర్ చేయించుకున్నాం. ఏటా ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) డబ్బు తప్పకుండా కట్టాం, వాళ్ళను ఇంట్లో పిల్లల్లా చూసుకున్నాం. రెండేళ్ళ ఏడు నెలల కిందట వాళ్ళు అప్‌డేట్ వేసిన రాత్రి పద్నాలుగు నెలల లెక్కలు పోయాయి. ‘తెచ్చేస్తాం’ అంటూ ఇన్నాళ్ళూ తిప్పారు. ఇప్పుడేమో కాంట్రాక్టు ముగిసింది కాబట్టి తమకు సంబంధం లేదంటున్నారు. రావలసిన బాకీలు ఎవరివో తేలక చాలా నష్టపోయాం. చీటింగ్ కేసు పెట్టవచ్చా? వాళ్ళ సర్వర్ పాత పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తోంది. తెలిసిన కుర్రాడొకడు లోపలికి వెళ్ళి మా బ్యాకప్ తెస్తానంటున్నాడు. తెప్పించుకోవచ్చా?

జవాబు: పిల్లల్లా చూసుకున్న సంగతి కోర్టుకు అక్కరలేదు. మీ కేసును తేల్చేది ఒకటే: బ్యాకప్ ఎవరి బాధ్యత?

మీరు పంపిన ఏఎంసీ కాగితంలో ఐదో షరతు చిన్న అక్షరాల్లో ఉంది: ‘డేటా బ్యాకప్ కస్టమర్ బాధ్యత’. అదొక్కటే ఉంటే దావా ఊసెత్తవద్దనే చెప్పేవాణ్ణి. అయితే ఉత్తరం అడుగున మీరు ఊరికే జతచేసిన వాట్సాప్ మెసేజ్ ఒకటుంది. మీ లెక్కలను వాళ్ళ సర్వర్‌కు మార్చిన రోజున వాళ్ళే పంపారు: ‘ఇకపై బ్యాకప్ మేమే తీసుకుంటాం, మీరు విడిగా పెట్టుకోనక్కరలేదు.’ ఇరుపక్షాలూ ఒప్పుకుంటే ఒప్పందంలోని షరతును తర్వాత మార్చుకోవచ్చని కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 62 చెబుతోంది. మీ దావా నిలబడితే ఈ మెసేజ్ మీదే నిలబడుతుంది.

ఒక్క మెలిక ఉంది. ‘మార్పులు ఇద్దరి సంతకాలతో రాతలో ఉంటేనే చెల్లుతాయి’ అనే షరతు ఇలాంటి కాగితాల్లో తరచుగా ఉంటుంది. అలాంటిది ఉంటే అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. మీరు రెండో పేజీ పంపలేదు. ఆర్బిట్రేషన్ షరతు, అంటే తగాదాను కోర్టులో కాక మధ్యవర్తి తీర్పుతో తేల్చుకోవాలన్న షరతు, ఉందో లేదో కూడా అందులోనే తెలియాలి; ఉంటే దారే మారిపోతుంది. ఏటా డబ్బు కట్టిన కాగితంలో సగం మీ దగ్గర లేకపోవడం ఏమిటి? వెతికించండి.

కాంట్రాక్టు ముగిసిందన్న వాదనకు భయపడకండి. లెక్కలు పోయిన రాత్రి ఏఎంసీ అమల్లో ఉంది. ఆ రోజు పుట్టిన హక్కు ఏఎంసీ గడువుతో పోదు.

పోయేది లిమిటేషన్‌తో, అంటే దావా వేయడానికి చట్టం పెట్టిన గడువుతో. ఒప్పందం ఉల్లంఘనకు నష్టపరిహారం అడగాలంటే లిమిటేషన్ చట్టం, 1963 ఆర్టికల్ 55 ప్రకారం ఉల్లంఘన జరిగిన రోజు నుంచి 3 ఏళ్ళలోపు దావా వేయాలి. మీకిక ఐదు నెలలే ఉన్నాయి. ‘వచ్చే వారం చూస్తాం’ అన్న నోటిమాట గడియారాన్ని ఆపదు. బాధ్యత ఒప్పుకుంటూ గడువు లోపల సంతకంతో రాసిస్తే సెక్షన్ 18 కింద కొత్త గడువు మొదలవుతుంది. కానీ పరిహారం కేసులో దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామన్నా అక్కడ గడువు 2 ఏళ్ళే, అది దాటింది. పైగా వ్యాపారం కోసం కొన్న సేవ కాబట్టి మీరు వినియోగదారులే కారని మొదటి వాయిదాలోనే అభ్యంతరం వస్తుంది.

ఇక పాస్‌వర్డ్ సంగతి. ఆ పని చేయకండి, ఆ కుర్రాణ్ణీ చేయనివ్వకండి. డేటా మీదే కావచ్చు, సర్వర్ వాళ్ళది. అనుమతి లేకుండా ప్రవేశించి కాపీ చేసుకోవడం ఐటీ చట్టం, 2000 సెక్షన్ 43 కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేశారని తేలితే సెక్షన్ 66 కింద 3 ఏళ్ళ దాకా జైలు, లేదా 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. మీవాడు లోపలికి వెళ్ళిన సమయం వాళ్ళ లాగ్‌లో, అంటే సర్వర్ తనంతట తాను రాసుకునే చిట్టాలో, నమోదవుతుంది. ఆ మర్నాడే ‘బ్యాకప్ ఉండేది, వీళ్ళే వచ్చి చెరిపారు’ అంటారు. ఫిర్యాది కావలసినవారు ముద్దాయిలవుతారు.

చీటింగ్ కేసు కూడా నిలవదు. మొదటి రోజు నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. ఏళ్ళ తరబడి సర్వీస్ చేసిన వాళ్ళ మీద అది చూపలేరు.

చేయవలసింది ఇది. వాట్సాప్ ఉన్న ఫోన్ అమ్మవద్దు, ఫార్మాట్ చేయవద్దు. స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే చాలదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, ఒక భాగం నిపుణుడు సంతకం చేయాలి. ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో లీగల్ నోటీసు పంపండి. పరిహారంతో పాటు మీ డేటా తిరిగివ్వాలనీ, ఆ రాత్రి సర్వర్ లాగ్‌లు చెరపకూడదనీ అందులో రాయించండి. బిల్లు మీద ఉన్న పేరు ఒకటి, మీరు డబ్బు పంపిన ఖాతా పేరు మరొకటి. అందుకే నోటీసులో సంస్థతో పాటు దాన్ని నడిపే ఇద్దరినీ పేర్లతో చేర్చండి.

దావా విలువ 3 లక్షలు, ఆ పైన ఉంటే అది కమర్షియల్ కోర్టుకు వెళ్ళే అవకాశం ఉంది. అత్యవసర ఉత్తర్వు అడగకపోతే ముందుగా కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 12ఎ మధ్యవర్తిత్వానికి వెళ్ళాలి, అందులో గడిచిన కాలం లిమిటేషన్‌లో లెక్కకు రాదు. లాగ్‌లు కాపాడమని తక్షణ ఉత్తర్వు అడిగే అవసరం నిజంగా ఉంటే నేరుగా దావా వేయవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 రూల్ 7 అందుకు ఉపయోగపడుతుంది.

పరిహారం మీద మాత్రం ఆశలు తగ్గించుకోండి. ‘మా బాధ్యత ఆ ఏడాది ఫీజుకు మించదు’ అన్న ఏడో షరతు మీద మీ సంతకం ఉంది. దాన్ని దాటగలిగినా, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 దూరపు నష్టాలకు, అంటే ఉల్లంఘన నుంచి నేరుగా పుట్టని వాటికి, పరిహారం ఇవ్వదు. లెక్కలు తిరిగి రాయించడానికి అయిన ఖర్చుకు రసీదులు ఉంటే ముందు అవి తీయండి. పాత బిల్లు పుస్తకాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పట్టుకుని బాకీల లెక్క తిరిగి తయారుచేయడానికి మీరేం ప్రయత్నం చేశారని జడ్జి అడుగుతారు. ఏమీ చేయకపోతే ఇవాళే మొదలుపెట్టండి.

కొత్త వాళ్ళతో ఏఎంసీ రాసుకునేటప్పుడు బ్యాకప్ ఎవరు, ఎన్ని రోజులకోసారి తీయాలో, ఒప్పందం ముగిశాక డేటా ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో అప్పగించాలో రాయించుకోండి. సోర్స్ కోడ్, అంటే సాఫ్ట్‌వేర్ మూల రాత, డబ్బిచ్చినంత మాత్రాన మీది కాదు, కాపీరైట్ రాతపూర్వకంగా మీకు బదిలీ కావాలి. ప్రస్తుతానికి ఆ రెండో పేజీ దొరకగానే ఫోటో కాదు, అసలు కాగితమే తీసుకుని మీ లాయరు దగ్గరకు వెళ్ళండి.