సీసాలో ఆకులు గాజులా మారడం: సమాధానం

టిష్యూ కల్చర్‌లో, అంటే సీసాలో పోషకాల జెల్ (మీడియం) మీద పెంచుతున్న మీ మొక్కల ఆకులు గాజులా మారుతున్నాయి, తెగులా అని అడిగారు. ఇది తెగులు కాదు. ఆకులు గాజులా, ఉబ్బి, ముట్టుకుంటే విరుగుతున్నాయంటే కణజాలం నీరు పట్టేసింది. సీసాలో తేమ ఎక్కువ. మీరు లీటరుకు వేస్తున్న 3 మి.గ్రా. బీఏపీ (చిగుళ్లు రప్పించే హార్మోన్) దానికి తోడైంది.

1. బీఏపీని లీటరుకు 0.5–1 మి.గ్రా.కి దించండి.

2. మీడియాన్ని గట్టిపరిచే అగార్ లీటరుకు 8 గ్రాములు వేయండి.

3. చాలామంది వదిలేసేది మీడియం పీహెచ్ (ఆమ్లత్వపు కొలత). పంచదార, హార్మోన్లు అన్నీ కలిపాక, అగార్ వేయకముందు 5.8కి సరిచేయాలి. మీటర్‌ను ఆ రోజే బఫర్‌తో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణంతో) సరిచూసుకోండి. ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరితో క్రిములను చంపే పాత్రలో) పీహెచ్ ఇంకొంచెం పడిపోతుంది. ముందే 5 కన్నా తక్కువుంటే అగార్ సరిగా గట్టిపడదు, మెత్తని మీడియంలోంచి మొక్క నీటిని మరీ సులువుగా లాగేసుకుంటుంది. 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు చాలు. మరీ ఎక్కువసేపు ఉంచినా జెల్ బలహీనపడుతుంది, ఇది కూడా గమనించండి.

4. సీసా మూతికి పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) బిగించి చుట్టొద్దు. ఫిల్టర్ ఉన్న మూత మేలు.

మీ 16 గంటల వెలుతురు, 25 డిగ్రీలు బాగానే ఉన్నాయి, కదపకండి.

పూర్తిగా గాజులా అయినవాటిని పారేయండి. కొద్దిగా మారినవాటి కొనలను మాత్రం కొత్త మీడియంలోకి మార్చండి. తేడా పాత ఆకుల్లో కాదు, కొత్తగా వచ్చే ఆకుల్లో చూడండి.