పాఠకుల సందేహాలు: పూజ జరుగుతుండగా జపమాల చెప్పుకోవచ్చా?

ప్రశ్న: ఫాదర్ గారికి నమస్కారములు. మా అమ్మగారు నేర్పిన నాటి నుంచి నలభై ఏళ్ళకు పైగా నేను జపమాల మానలేదు. ఆదివారం దివ్యబలిపూజలో కూడా జపమాల చేతపట్టి లోలోపల చెప్పుకోవడం నాకు అలవాటు. ఈ మధ్య మా విచారణ గురువులు అది గమనించి, "పూజ జరిగేటప్పుడు జపమాల వద్దమ్మా" అన్నారు. మనసు నొచ్చుకుంది. ఇంకోపక్క, వేరే సంఘానికి వెళ్ళే మా ఆడపడుచు, చెప్పిందే యాభై సార్లు చెప్పడం వాక్యానికి విరుద్ధమని వాదిస్తుంది. అసలు మన ప్రార్థన జీవితంలో జపమాలకు ఉన్న స్థానం ఏమిటి?

జవాబు: అమ్మా, మీ గురువులు చెప్పిన మాట సరైనదే. అయితే మీ అమ్మగారు నేర్పినది తప్పు అని దాని అర్థం కాదు. పూజ లత్తీను భాషలో జరిగిన శతాబ్దాలలో, పీఠం వద్ద గురువు పలికే మాటలు అర్థం కాని విశ్వాసులకు ఆ సమయాన్ని ప్రార్థనతో నింపుకోవడానికి జపమాలే ఆధారంగా ఉండేది. అక్టోబరును జపమాల మాసంగా నిలబెట్టిన పదమూడవ లియో పోపు గారి కాలంలోనైతే, ఆ నెలలో ఉదయం పూజ సాగుతుండగానే జపమాల చెప్పించేవారు. మీ అలవాటు ఆ కాలం నుంచి తల్లుల ద్వారా బిడ్డలకు అందుతూ వచ్చినదే.

తరువాత శ్రీసభ ఈ విషయాన్ని స్పష్టం చేసింది. 1963లో ద్వితీయ వతికాను మహాసభ (ప్రపంచ మేత్రాణుల సభ), ప్రజల భక్తి కార్యాలను మెచ్చుకుంటూనే, అవి దైవార్చన (పూజ వంటి శ్రీసభ ఉమ్మడి ఆరాధన) నుంచి పుట్టి తిరిగి దైవార్చనకే మనలను నడిపించాలనీ, దైవార్చన వాటన్నిటికంటె ఎంతో ఉన్నతమైనదనీ బోధించింది. 1974లో ఆరవ పౌలు పోపు గారు, మరియ తల్లి భక్తిని గురించి రాసిన లేఖలో, దైవార్చన జరుగుతుండగా జపమాల చెప్పడం పొరపాటని నేరుగానే రాశారు. అదే లేఖలో జపమాలను ఎంతో ప్రేమతో సిఫారసు చేసినవారు కూడా ఆయనే కనుక, ఇది జపమాలను తక్కువ చేసే మాట కాదు.

కారణం ఇది. జపమాలలో మనం ధ్యానించే ఘట్టాలను దేవరహస్యాలు అంటాం. వెలుగు దేవరహస్యాలలో ఐదవది, ప్రభువు దివ్యసత్ప్రసాదాన్ని, అంటే పూజలో మనం స్వీకరించే ఆయన శరీరాన్ని, స్థాపించిన ఘట్టం. గురువారం సాయంత్రం ఇంట్లో కూర్చుని, పది మంగళవార్త జపాలు (మరియ తల్లికి చెప్పే ప్రార్థన) చెబుతూ ప్రభువు కడరా భోజనాన్ని మనసులో చూస్తారు. ఆదివారం పీఠం మీద గురువు అప్పాన్ని ఎత్తి చూపే క్షణంలో, మీరు ఇంట్లో తలచుకున్నదే మీ కళ్ళ ముందు ఉంటుంది. ఆ క్షణంలో తల వంచుకుని ఏడవ పూసనో ఎనిమిదవ పూసనో వెతుక్కుంటే, ఎదురుచూసిన అతిథి గుమ్మంలోకి వచ్చినా ఆయన ఫొటోనే చూస్తూ కూర్చున్నట్లు అవుతుంది. జపమాల మీ చూపుకు ఇచ్చిన శిక్షణ అంతా ఆ క్షణంలో తలెత్తి చూడడానికే కదా అమ్మా.

కనుక జపమాల స్థానం పూజకు ముందూ వెనుకా. పూజకు అరగంట ముందు గుడికి వచ్చి చెప్పుకోండి. ఇంటికి వెళ్ళాక, ఆనాటి సువిశేషానికి దగ్గరగా ఉన్న ఒక్క దేవరహస్యాన్ని నెమ్మదిగా చెప్పుకున్నా, పూజలో విన్న వాక్యం వారమంతా మీతో ఉంటుంది. మధ్యయుగంలో జపమాల పెరిగిన తీరు కూడా ఇలాంటిదే. మఠాలలో సన్యాసులు 150 దావీదు కీర్తనలను వల్లించేవారు. చదువు రాని సామాన్యులు వాటికి బదులు 150 జపాలను పూసల మీద లెక్కపెట్టుకునేవారు. క్రమంగా ఆ జపాలకు క్రీస్తు జీవిత ఘట్టాలు తోడయ్యాయి. 1569లో ఐదవ భక్తినాథ పోపు గారు ఆ ఘట్టాలను పదిహేను రహస్యాలుగా చెప్పుకునే పద్ధతిని స్థిరపరచగా, 2002 అక్టోబరులో రెండవ జాన్ పాల్ పోపు గారు వెలుగు రహస్యాలు ఐదింటిని చేర్చి, యేసు బాప్తిస్మం మొదలు కడరా భోజనం వరకు సాగిన ఆయన బహిరంగ జీవితానికీ చోటిచ్చారు.

ఇక మీ ఆడపడుచుగారి అభ్యంతరం. మత్తయి ఆరవ అధ్యాయంలో ప్రభువు వద్దన్నది, మాటలు ఎక్కువైతే దేవుడు వింటాడనుకుని అర్థం లేకుండా వదరడాన్ని. అదే మత్తయి, గెత్సేమనిలో ప్రభువు మూడవసారి కూడా అవే మాటలతో ప్రార్థించాడని రాశాడు. 136వ కీర్తనలో 26 చరణాలుంటే, ప్రతి చరణం చివరా దేవుని కృపను గురించిన ఒకే పల్లవి వస్తుంది. మంగళవార్త జపం మొదటి సగంలో ఉన్నవి లూకా మొదటి అధ్యాయంలోని దేవదూత పలుకులూ, ఎలిజబెతమ్మ పలుకులూ. రెండవ సగంలో మరియ తల్లిని అడిగేది మన కోసం ప్రార్థించమని మాత్రమే, ఆరాధన దేవునికే. ఇదంతా వాదం కోసం కాక, ఆమెను ఒక సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని, జపంలోని ఒక్కొక్క మాటను లూకా సువార్త పక్కన పెట్టి చూపించండి.

ఇక్కడ మా అమ్మమ్మ గుర్తుకొస్తుంది. ఆమె జపమాల నడిపించేటప్పుడు "మీ గర్భఫలమగు యేసు" అన్న చోట ఒక్క ఊపిరి తీసుకునేంత సేపు ఆగి, అప్పుడు "ఆశీర్వదింపబడినవారగునుగాక" అనేది. త్వరగా ముగించాలని తొందరపడే పిల్లలమైన మాకు అది ఆలస్యంగా తోచేది. ఆ నామమే మంగళవార్త జపానికి గుండెకాయ అనీ, దాన్ని నొక్కి పలకాలనీ రెండవ జాన్ పాల్ పోపు గారి 2002 నాటి జపమాల లేఖలో చదివినప్పుడు, ఆమె ఆ ఆగడాన్ని ఎంతో ముందే ఎరిగి ఉందని తెలిసి నాకు కన్నీళ్ళు వచ్చాయి. మీరూ అలా ఆగి చూడండి.

ప్రశ్న: జపమాల చెబుతుంటే నాలుగు పూసలు దాటేసరికి మనసు ఎటో పోతుంది. అలాంటి ప్రార్థన చెల్లుతుందా? ఒక రోజు మానేస్తే పాపమా?

జవాబు: జపమాల చెప్పడం విధిగా ఆజ్ఞాపించినది కాదు కనుక, ఒక రోజు మానడం పాపం కాదు. పరధ్యానం అందరికీ ఉంటుంది. గమనించిన వెంటనే రహస్యం దగ్గరకు తిరిగి రావడం కూడా ప్రార్థనే. ధ్యానం లేని జపమాల ఆత్మ లేని శరీరం వంటిదని ఆరవ పౌలు పోపు గారు హెచ్చరించారు కనుక, సంఖ్య తగ్గించడానికి భయపడవద్దు. రహస్యం పేరు చెప్పాక సువార్తలోని ఆ భాగాన్ని రెండు మూడు వాక్యాలు చదివి, కాసేపు మౌనంగా ఉండండి. ఉదాహరణకు దుఃఖ రహస్యాలలో మొదటిదైతే, చీకటి తోటలో నిద్రపోతున్న ముగ్గురు శిష్యులను, వారి దగ్గరకు వచ్చి లేపుతున్న ప్రభువును చూడండి. పది పూసలూ ఆ ఒక్క దృశ్యం దగ్గరే ఉండిపోయినా మంచిదే. ఐదు రహస్యాలు హడావిడిగా చెప్పడం కంటే ఒకటి నిలిచి చెప్పడం మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: మా అబ్బాయి జపమాలను మెడలో వేసుకుంటున్నాడు. అది తెగిపోతే కీడు అంటున్నారు. నిజమా?

జవాబు: అందులో నిజం లేదు. జపమాల తాయెత్తు కాదు, ప్రార్థన కోసం ఆశీర్వదించిన వస్తువు. తెగితే బాగు చేయించుకోవచ్చు. పనికిరానంతగా పాడైతే చెత్తలో వేయకుండా, గౌరవంగా మట్టిలో పూడ్చడమో కాల్చడమో చేయాలి. అలంకారంగా కాక భక్తితో మెడలో వేసుకుంటే తప్పు లేదు గాని, రోజుకు ఒక్కసారైనా దాన్ని మెడలోంచి తీసి చేతిలోకి తీసుకోమని అబ్బాయికి చెప్పండి.