మేనకోడలికి: పంచరు నీ చేత్తోనే వేసుకో

చిరంజీవి చిట్టికి మావయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

ఈత, సైకిలు, పరుగు మూడూ వరసగా చేసే ట్రయథ్లాన్ పోటీలో నువ్వు దిగుతానన్నావని మీ అమ్మ ఫోన్లో ఒకటే గోల. ఇరవయ్యెనిమిదేళ్లొచ్చాక సైకిలెక్కడమేంటని. ఆవిణ్ణి నాకొదిలెయ్. వయసు మించిపోయిందా అని నువ్వడిగావు. మించిపోలేదు.

ఇంగ్లండులో క్రిస్సీ వెల్లింగ్టన్ అని ఉంది, 1977లో పుట్టింది. ప్రభుత్వోద్యోగం చేసింది, నేపాల్ వెళ్లి తాగునీరు, పారిశుద్ధ్యం పనులు చూసింది. 30 ఏళ్లకి ఈ ఆటనే వృత్తిగా పెట్టుకుని, ఆ 2007లోనే హవాయిలో ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీ కొట్టేసింది. 3.8 కిలోమీటర్ల ఈత, 180 సైకిలు, ఆపైన 42 పరుగు. 2008, 2009, 2011ల్లోనూ ఆవిడే. ఆ దూరం పోటీలు 13 చేస్తే పదమూడూ గెలిచింది. ఈ కథ చెప్పేవాళ్లు ఒక ముక్క మింగేస్తారు: యూనివర్సిటీలో ఈత జట్టు కెప్టెన్ ఆవిడ, నేపాల్ కొండల్లో తెగ సైకిలు తొక్కింది. ఆలస్యంగా వచ్చింది గానీ ఉత్త చేతుల్తో రాలేదు. నీకూ కాలవ ఈత ఉంది, తక్కువ ఆస్తేం కాదు.

కాకపోతే మన కాలవ ఈత తల పైకెత్తి ఈదేది. తల లేస్తే కాళ్లు మునుగుతాయి, సగం బలం నీళ్లపాలు. ముఖం నీళ్లలో పెట్టి ఈదు, మధ్యమధ్య కళ్లు మాత్రం పైకి తెచ్చి గుర్తు చూసుకో. లాకుల దగ్గర దిగొద్దు. వరద ఎర్రనీళ్లలో గోదాట్లో అసలొద్దు. యానాం వైపు పాటు తీసేటప్పుడు నీరు సముద్రంలోకి లాగుతుంది, ఎంత ఈతగాడైనా సరే. వేసవిలో కాలవలు కట్టేశాక కాకినాడ పోయి కొలనులో ఈదుకో.

ఇక సైకిలు. మన కోనసీమలో ఎత్తంటే వంతెనలే, అంచేత కాళ్లకి తేలిక అనుకుంటావు. సముద్రం గాలి ఎదురొస్తే తెలుస్తుంది. మాసూళ్ల రోజుల్లో రోడ్డు సగం మీద ధాన్యం ఆరబోస్తారు, మిగతా సగంలో చేపల చెరువుల లారీలు. తెల్లారకముందే ఏటిగట్టెక్కి తొక్కు. అక్కడ మళ్లీ తుమ్మముళ్లు. అసలు నేను చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది.

2008లో హవాయిలో ఆ వెల్లింగ్టన్‌కే సైకిలు పంచరైంది. ట్యూబు మార్చింది గానీ గాలి నింపే చిన్న గ్యాసు సీసాల్ని సరిగ్గా వాడలేక వృథా చేసుకుంది. ప్రపంచ ఛాంపియను రోడ్డు పక్కన దిక్కులు చూస్తూ నిలబడిపోయింది. వెనకనించొచ్చిన రెబెక్కా కీట్ అనే పోటీదారు తన సీసా ఒకటి విసిరిచ్చింది. వెల్లింగ్టన్ మళ్లీ ఎక్కి, అందర్నీ దాటి గెలిచింది. తోటి పోటీదారు ఇచ్చింది గనక చెల్లింది. మీ తమ్ముడు పక్కన నిలబడి పంపు అందిస్తే చెల్లదు, బయటివాళ్ల సాయం పుచ్చుకుంటే శిక్ష పడుతుంది. పంచర్ల షాపు అలవాటున్న మనకి ఇది కొత్త.

కాబట్టి వెనక చక్రం విప్పడం నేర్చుకో. ముందు గొలుసుని అన్నిటికన్నా చిన్న పళ్లచక్రం మీదికి దించు, అప్పుడు సులువుగా ఊడొస్తుంది. ట్యూబు తీశాక తొందరపడి కొత్తది ఎక్కించకు. టైరు లోపల వేలితో మెల్లగా చుట్టూ తడుము. ముల్లు ఇంకా అక్కడే ఉంటే రెండో ట్యూబూ పోతుంది. కొత్తదాంట్లో కాస్త గాలి కొట్టి గుండ్రంగా అయ్యాకే పెట్టు, లేకపోతే రిమ్ముకీ టైరుకీ మధ్య నలిగి చిరుగుతుంది. గ్యాసు సీసాలు ఎన్నున్నా చేతిపంపు వదలకు. ఇదంతా చేతులు వణుకుతున్నప్పుడు కూడా చెయ్యగలగాలి, అంచేత అలిసిపోయి ఇంటికొచ్చిన రోజునే సాధన చెయ్యి.

పోటీలో హెల్మెట్ బకిలు పెట్టుకోకుండా స్టాండు మీంచి సైకిలు తియ్యొద్దు, దానిక్కూడా శిక్షే. సైకిలు దిగ్గానే పరిగెత్తడం వారానికోసారైనా చెయ్యి. మొదట్లో ఆ కాళ్లు ఎవరివో అన్నట్టుంటాయి. మన ఉక్కలో చెమట ఆరదు, కారుతూనే ఉంటుంది. కొబ్బరినీళ్లు మంచివే గానీ సోడియం తక్కువ, ఉప్పేసిన మజ్జిగ కూడా తాగు. పోటీ రోజున మాత్రం కొత్త తిండి ముట్టకు.

ఐరన్‌మ్యాన్ మాట ఇప్పుడెత్తకు. ముందు స్ప్రింట్ చెయ్యి: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 పరుగు. తర్వాత ఒలింపిక్ దూరం, అంటే అదే వరసలో 1.5, 40, 10 కిలోమీటర్లు.

వచ్చే ఆదివారం సైకిలూ, రెండు పాత ట్యూబులూ పట్టుకురా. మీ అత్త పెసరట్లు వేస్తానంది, చక్రం బిగించాకే.

ఇట్లు
మీ మావయ్య