టెక్ సందేహాలు: డబ్బాపై ‘350 వాట్స్’ చూసి కారు స్పీకర్లు కొనొచ్చా?

ప్రశ్న: మా స్విఫ్ట్ కొని ఏడేళ్లయింది. కంపెనీ స్టీరియో బాగానే ఉంది కానీ, సౌండ్ పెంచితే డ్రైవర్ వైపు డోర్ స్పీకర్ గరగరమంటోంది. నాలుగు డోర్లకూ 350 వాట్ల స్పీకర్లు వేయించుకోమని షాపులో చెబుతున్నారు. స్టీరియో మార్చే ఉద్దేశం లేదు. పది వేల లోపు ఏం తీసుకోవాలి?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఆ గరగర స్పీకర్‌దేనా అన్నది తేల్చుకోండి. స్టీరియో సెట్టింగ్స్‌లో బ్యాలెన్స్, ఫేడర్‌లతో సౌండంతా ఆ ఒక్క డోర్‌కే తిప్పండి. బేస్ ఉన్న పాట పెట్టి, డోర్ ప్యాడ్‌ను అరచేత్తో గట్టిగా నొక్కి పట్టుకోండి. గరగర ఆగిందా, తప్పు వదులైన క్లిప్పుది. డోర్ పాకెట్‌లో పడున్న చిల్లర కూడా ఇదే పని చేస్తుంది. నొక్కినా ఆగకుండా, తక్కువ సౌండ్‌లోనూ మాట చీలినట్టు వినిపిస్తే స్పీకర్ మార్చాల్సిందే.

ఇక ఆ 350 వాట్లు పేరు గొప్ప ఊరు దిబ్బ వ్యవహారం. అది పీక్ పవర్, అంటే క్షణకాలం తట్టుకోగలిగింది. నిలకడగా మోయగలిగేది ఆర్‌ఎంఎస్. అది డబ్బా మీద ఏ మూలో చిన్న అక్షరాల్లో 40, 50 అని ఉంటుంది. అయినా వాట్లు ఇచ్చేది స్టీరియో, స్పీకర్ తీసుకుంటుందంతే. ముందు భాగంలో ‘50 వాట్స్ x 4’ అని ఘనంగా రాసుకున్న స్టీరియో కూడా ఒక్కో స్పీకర్‌కు శుభ్రంగా ఇచ్చేది సుమారు 15 నుంచి 20 వాట్లే.

కాబట్టి మీరు అడగాల్సింది సెన్సిటివిటీ ఎంత అని. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎంత సౌండ్ వస్తుందో చెప్పే అంకె అది. 90 డెసిబెల్స్ స్పీకర్‌తో సమానంగా మోగడానికి 87 డెసిబెల్స్ స్పీకర్‌కు రెట్టింపు వాట్లు కావాలి. మీలా బయటి యాంప్లిఫయర్ లేనివాళ్లు 90కి తగ్గకుండా, 4 ఓమ్స్ (కరెంటుకు స్పీకర్ చూపే నిరోధం) రకం తీసుకోవడం మంచిది. అద్దం మూలలో విడిగా ట్వీటర్లుంటే (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు) కాంపోనెంట్ సెట్, అంటే ట్వీటర్ వేరుగా వచ్చేది; లేకపోతే కోయాక్సియల్, అంటే ట్వీటర్ స్పీకర్‌లోనే ఉండేది.

వెనక డోర్ల జోలికి వెళ్లకండి. పాట వినేది ముందు కూర్చున్నవాళ్లే. మిగిలిన డబ్బు ముందు డోర్ల డాంపింగ్‌కు, అంటే రేకు అదరకుండా షీట్ అంటించడానికి పెట్టండి. ఖరీదైన స్పీకర్‌ను ఉత్త డోర్‌లో బిగించడం కన్నా, ఐదు వేల జతకు మంచి డాంపింగ్ చేయించడమే మేలంటాను. ప్యాడ్ ఊడదీస్తే లోపలి రేకుకు పెద్ద పెద్ద కన్నాలు, వాటిమీద పల్చటి ప్లాస్టిక్ కాగితం కనిపిస్తాయి. కోన్ (స్పీకర్‌లో అదిరే గరాటు భాగం) వెనక సౌండ్ ఆ కన్నాల్లోంచి వచ్చి ముందు సౌండ్‌తో కలిస్తే బేస్ చచ్చిపోతుంది. కన్నాలు మూసి, బయటి రేకుకు లోపలివైపు బ్యూటైల్ (ఒక రకం రబ్బరు) షీట్ అంటించాలి. వేలి కణుపుతో కొట్టి చూడండి. అంతకుముందు డబ్బాలా మోగిన రేకు ఇప్పుడు ‘దబ్’మని ఊరుకుంటుంది.

ఫిట్టింగ్ అప్పుడు పక్కనే ఉండండి. అద్దం పూర్తిగా దించి, స్పీకర్ మాగ్నెట్‌కు తగలట్లేదని చూసుకున్నాకే స్క్రూలు బిగించనివ్వండి. వైర్లు కొయ్యనివ్వకండి, మీ కారుకు సరిపోయే కప్లర్ (వైరు కొయ్యకుండా తగిలించే కనెక్టర్) అడగండి. ఒక స్పీకర్‌కు మాత్రమే ప్లస్, మైనస్ తారుమారైతే విడివిడిగా రెండు స్పీకర్లూ బాగానే పాడతాయి. కలిపి పెడితే మాత్రం బేస్ మాయం. అనుమానముంటే స్టీరియో నుంచి విప్పిన స్పీకర్ వైర్లకు 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీ ఒక్క క్షణం తగిలించండి. ప్లస్‌కు ప్లస్ కలిస్తే కోన్ బయటికి రావాలి.

ప్రశ్న: డాంపింగ్ షీట్ బదులు మేడ లీకేజీకి వేసే తారు టేపు అంటించొచ్చా? చాలా చవకగా వస్తోంది.
- మరో పాఠకుడు, కర్నూలు

జవాబు: వద్దు. రోహిణి కార్తెలో ఎండన పెట్టిన కారు రేకు ఎంత కాలుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ వేడికి తారు మెత్తబడి జారుతుంది, కారంతా వాసన. కిటికీ అద్దానికి అంటుకుందంటే మరో ఖర్చు. షీట్ ఏదైనా సరే, డోర్ అడుగు అంచున నీళ్లు పోయే కన్నాలు మాత్రం మూయనివ్వకండి. మూస్తే వాన నీళ్లు లోపలే నిలిచి డోర్ తుప్పు పడుతుంది.