టాటూ కవర్ అప్‌కి పర్సనల్ లోనా? వద్దు తమ్ముడూ

బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసే ఒక హిందూపురం అబ్బాయి, 27 ఏళ్లు, రాశాడు. కాలేజీ రోజుల్లో ముంజేతి మీద ఒకమ్మాయి పేరు వేయించుకున్నాడట, ఇప్పుడు ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, పెళ్లిచూపుల్లో అది కనిపిస్తే ఎలా అని భయం. లేజర్ మూడు సిట్టింగులకి 18,000, దాని మీద కొత్త టాటూకి 42,000, మొత్తం 60,000. చేతికొచ్చే జీతం 58,000, ఇంటికి పంపేది, అద్దె, బైక్ ఈఎంఐ అన్నీ పోను 8,000 మిగుల్తుంది, అకౌంట్‌లో 22,000 ఉంది. ఒక యాప్ వాళ్లు 28 శాతానికి 18 నెలల లోన్ ఇస్తామంటున్నారు, "ఈఎంఐ 4,120 యే కదన్నా, తీసుకోనా?" అంటున్నాడు.

వద్దు తమ్ముడూ. ఈ "యే కదా" అన్న మాటే చాలామందిని ముంచుతోంది, అందుకే నీకు జవాబు రాస్తున్నా. 3 శాతం ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 2,124 ముందే కోసేసి నీ చేతికి 57,876 ఇస్తారు, నువ్వు కట్టేది మాత్రం 74 వేల పైమాటే.

సరే, వడ్డీ సంగతి అటుంచు, నాకు అసలు నిద్ర పట్టనిది ఆ 22,000 చూసి. నీ నెల ఖర్చు 50,000, అంటే జీతం ఆగిన రోజు నుంచి 13 రోజులు గడుస్తాయి, అంతే. పైగా "ఓనర్ దగ్గర లక్ష అడ్వాన్స్ ఉంది, అదే నా ఎమర్జెన్సీ ఫండ్" అని రాశావు. అది ఫండ్ ఎలా అవుతుందయ్యా, ఇల్లు ఖాళీ చేస్తేనే కదా వచ్చేది! బెళ్లందూరులో ఉండే నా క్లయింట్ ఒకతను ఉద్యోగం పోయినప్పుడు సరిగ్గా ఇదే అనుకున్నాడు, సామాను ఫ్రెండ్ రూమ్‌లో పెట్టి ఇల్లు ఖాళీ చేస్తే ఓనరు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుని, మిగతాది కొత్తగా దిగేవాళ్లు వచ్చాక ఇస్తానన్నాడు. ఆ మధ్యలో బతకడానికి క్రెడిట్ కార్డు గీకాడు, ఆ బాకీ ఇంకా తీరలేదు.

ఇంకొకటి, నీకు ఈ డబ్బు ఇప్పుడు ఒకేసారి అక్కర్లేదు కూడా. మా ఆఫీసు కింద టాటూలు వేసే కుర్రాడున్నాడు, నీ విషయం చెప్పి అడిగితే పాత టాటూ ఉన్న ఒకతని చేతి మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి చూపించాడు. పాత నల్ల ఇంకు మీద లేత రంగు వేస్తే కింద అక్షరం కనిపిస్తూనే ఉంటుందట, అందుకే కొత్త డిజైన్ ముదురుగా, పాతదానికి రెండు మూడింతలు పెద్దగా వెయ్యాలి. నా బొటనవేలితో తడిమి చూడమన్నాడు, గీతలు చర్మం మీద ఉబ్బి తగులుతున్నాయి, ఆ ఎత్తు ఏ రంగేసినా పోదు. కాబట్టి నీకు చెప్పిన 42,000 పెరిగినా పెరగొచ్చు. ఇక లేజర్ అంటే ఇంకుని పొడి చేస్తుందంతే, ఆ పొడిని ఒళ్లే మెల్లగా బయటికి పంపుకోవాలి, అందుకని సిట్టింగుకీ సిట్టింగుకీ ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి, ఆఖరిది అయ్యాక కూడా చర్మం మానాలి. నీ చర్మం ఆర్నెల్లు టైం అడుగుతుంటే నువ్వు మొదటి నెల నుంచే మొత్తం 60,000 కి వడ్డీ కట్టడమేంటి?

నా లెక్కలో అయితే మూడు నెలల ఖర్చు, లక్షన్నర, పక్కన పడ్డాకే ఇలాంటివి. కానీ నీ తొందర నాకు అర్థమైంది, కనీసం ఒక నెలది ఉంచు. ఉన్న 22,000 కి నెలనెలా ఆ 8,000 కలుపుతూ నాలుగు నెలలు కదపకుండా ఉంచితే 54,000 అవుతుంది. ఐదో నెలలో మొదటి లేజర్, ఏడు, తొమ్మిదిలో మిగతా రెండూ, సిట్టింగుకి 6,000 చొప్పున. నెలనెలా ఆ 8,000 వేస్తూనే ఉంటే, పదకొండో నెలలో 42,000 పెట్టి కవర్ అప్ చేయించుకున్నా ఇంకా 50,000 మిగిలే ఉంటుంది, ఒక్క రూపాయి బాకీ లేదు. కంపెనీ ఇన్సూరెన్స్ దీనికి రాదు, ఇది అందం కోసం చేయించుకునే పని కిందికే వస్తుంది. అమ్మానాన్నల్ని అడగడం నీ ఇష్టం. ఈలోపు పెళ్లిచూపులకి ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకో, సంబంధం కుదిరేలా ఉంటే ఆ అమ్మాయికి మాత్రం నువ్వే ముందు చెప్పు.

జీతం పడ్డ మర్నాడే 8,000 వేరే అకౌంట్‌కి వెళ్లేలా ఆటో డెబిట్ పెట్టు, ఆ యాప్‌ని ఇవాళే ఫోన్‌లోంచి తీసెయ్.