కారుకు అతుకు వేసే చేతికి ఏ కాగితం కావాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఇంజినీరింగ్ వద్దు, కార్ల మాడిఫికేషన్ నేర్చుకుంటానని పట్టుబట్టాడు. ఒక ప్రైవేటు సంస్థ ఏడాది కోర్సుకు నాలుగు లక్షలు అడుగుతోంది. ఛాసిస్ (కారు చట్రం) వెల్డింగ్, రోల్ కేజ్ (బోల్తా పడినా నలగకుండా కారు లోపల బిగించే గొట్టాల చట్రం) తయారీ నేర్పి సర్టిఫికెట్ ఇస్తారట. వాళ్ల మేనమామ ఐటీఐలో వెల్డర్ ట్రేడ్‌లో చేర్చమంటున్నారు. ఇంటర్ చదివిన పిల్లవాణ్ని వెల్డర్‌ను చేయడం మాకు మింగుడుపడటం లేదు. రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పండి. – ఒక తండ్రి, తెనాలి

జవాబు: పోల్చి చెబుతాను. అయితే మీకు నిద్ర పట్టనివ్వనిది ‘వెల్డర్’ అన్న మాట. పెళ్లిలోనో పేరంటంలోనో ఎవరైనా అడిగితే ఏమని చెప్పాలన్నదే మీ బెంగ. ఇదే బెంగతో ఎందరో తండ్రులు నా ముందు కూర్చున్నారు. ముందు ఆ కోర్సు సంగతి చూద్దాం.

‘సర్టిఫికెట్ ఇస్తారట’ అని రాశారు. దేనికి సర్టిఫికెట్? కోర్సు పూర్తి చేశాడని సంస్థ ఇచ్చే కాగితం ఒకటి. ఫలానా లోహాన్ని, ఫలానా పద్ధతిలో, ఫలానా భంగిమలో సరిగ్గా అతకగలడని పరీక్షించి ఇచ్చే అర్హత పత్రం ఇంకొకటి. మార్చిన బండి రోడ్డు మీద తిరగవచ్చని ప్రభుత్వం ఇచ్చే ఆమోదం మూడోది. మొదటి దాన్ని చూపి మూడోది కూడా చేతికొచ్చినట్టు మాట్లాడే కోర్సులంటే నాకు కోపం.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఏమంటోందో మీరూ అబ్బాయీ కలిసి చదవండి. తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకూ ఆర్‌సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని భాగాలు బిగిస్తే యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మార్పులకు దారి బొత్తిగా లేదని కాదు. ఆమోదం పొందిన సీఎన్‌జీ కిట్ బిగించవచ్చు, దివ్యాంగులు నడిపేందుకు వీలుగా బండిని మార్చవచ్చు. కానీ కిట్‌కు ఆమోదం రావాలంటే పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి సంస్థలు పరీక్షించాలి. వెల్డర్ ఎంత నేర్పరి అయినా, అతని సర్టిఫికెట్ వల్ల కోసి అతికిన ఛాసిస్ చట్టబద్ధం కాదు.

ఇక రోల్ కేజ్. వీడియోల్లో చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. పోటీ కార్లలో దానికి లెక్క ఉంది. అంతర్జాతీయ కార్ల పోటీలను నియంత్రించే ఎఫ్ఐఏ నిబంధనల్లో ఆ కేజ్ ప్రధాన కమానుకు అతుకులేని ఉక్కు గొట్టం వాడాలి, 45 మిల్లీమీటర్ల వ్యాసమైతే మందం 2.5 మిల్లీమీటర్లు ఉండాలి. డ్రైవరు హెల్మెట్ పెట్టుకుని, బెల్టులతో సీటుకు బిగుసుకుని ఉంటాడు. అదే గొట్టాన్ని ఊళ్లో తిరిగే కారులో పెడితే, చిన్న ప్రమాదంలోనూ హెల్మెట్ లేని తల వెళ్లి దానికే కొట్టుకుంటుంది. కాపాడుతుందని పెట్టించుకున్నదే ప్రాణం తీయవచ్చు.

లోహం విషయమూ అంతే. నేటి కార్లలో తలుపుల మధ్య స్తంభానికి చాలా చోట్ల బోరాన్ ఉక్కు వాడుతున్నారు. అచ్చులో వేడిగా నొక్కి చల్లార్చడం వల్ల దానికి ఆ గట్టిదనం వస్తుంది. మళ్లీ ఆర్క్ (వెల్డింగ్‌లో పుట్టే విద్యుత్ మంట) వేడి తగిలితే అతుకు పక్కన మెత్తబడుతుంది. పైకి రంగు వేశాక అది ఎవరికీ కనబడదు. ఎక్కడ కోయవచ్చో, ఎక్కడ కోయకూడదో కంపెనీ మరమ్మతు పుస్తకం చెబుతుంది. ఆ పుస్తకం లేకుండా ఛాసిస్ వెల్డింగ్ నేర్పే చోటికి మా ఇంటి పిల్లవాణ్నయితే నేను పంపను.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అంటాను, నొచ్చుకోకండి. మాడిఫికేషన్ అన్నందుకు నాలుగు లక్షలు సర్దడానికి సిద్ధపడ్డారు. అదే పనికి వెల్డర్ అన్న పేరు పెట్టేసరికి మింగుడుపడలేదు. మీరు డబ్బు కడుతున్నది చదువుకా, పేరుకా? అబ్బాయికి లేని నామోషీ మీరే నేర్పుతున్నారు. మేనమామ మాట మీకు చేదుగా ఉన్నా, ఈ ఇంట్లో లెక్క సరిగ్గా చూసింది ఆయనే.

పోలిక ఇక క్లుప్తంగా. ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ ఏడాది. కార్ల మీదే మక్కువైతే మెకానిక్ ఆటో బాడీ రిపేర్ ట్రేడ్ కూడా ఉంది. జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ ఉంటే అప్రెంటిస్‌షిప్‌కు దారి ఉంటుంది. విజయవాడ దగ్గర రాయనపాడు రైల్వే వ్యాగన్ వర్క్‌షాపు వంటివి వెల్డర్లను తీసుకుంటాయి. తిరుచిరాపల్లిలో బీహెచ్ఈఎల్ వారి వెల్డింగ్ పరిశోధన సంస్థలో పైస్థాయి శిక్షణ ఉంది. 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించిన పైపు చుట్టూ అతుకు వేసే పరీక్షను 6జీ అంటారు. అది గెలిచినవాణ్ని చమురు శుద్ధి కర్మాగారాలు, ఓడల యార్డులు వెతుక్కుంటాయి. ఈ అర్హత ఒకసారి వస్తే చాలదు. వెల్డర్ల అర్హతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 9606-1 ప్రకారం, ఆ పద్ధతిలో పనిచేస్తూనే ఉన్నాడని ఆరు నెలలకోసారి ధ్రువీకరించాలి. ఇంత పట్టింపు ఉన్న విద్యను చిన్నదని ఎలా అనుకున్నారు?

చదువు ఆగిపోతుందన్న భయం కూడా వద్దు. తర్వాత మెకానికల్ ఇంజినీరింగ్‌లోకి వెళ్తే, విద్యార్థులు సొంతంగా బండి తయారుచేసి పోటీపడే బాహా పోటీల్లో విద్యార్థులే కారు చట్రం అతుకుతారు. వాళ్లు వేసిన నమూనా అతుకును విరగ్గొట్టి మరీ పరీక్షించాలి. అతకడం తెలిసిన ఇంజినీరు గీసే బొమ్మే వేరుగా ఉంటుంది.

కళ్లు పోతాయని అబ్బాయి వాళ్ల అమ్మగారు భయపడుతూ ఉండవచ్చు. చేయి అడ్డం పెట్టుకుని, మొహం తిప్పుకుని అతికే షాపుల్లో ఆ భయం నిజమే. సరైన అద్దమున్న మాస్క్, పొగ బయటికి పోయే గాలి ఉంటే పని భద్రంగానే సాగుతుంది. జింకు పూత ఉన్న రేకును మూసిన గదిలో అతికితే మాత్రం సాయంత్రానికి జ్వరం తగులుతుంది. ముందుగా పూత గీకమని చెప్పే గురువు దగ్గర చేర్చండి.

నాలుగు లక్షలు ప్రస్తుతానికి బ్యాంకులోనే ఉంచండి. పరీక్షలయ్యాక విజయవాడ ఆటోనగర్‌లో మంచి పేరున్న బాడీ షాపు చూసి, నెల రోజులు అబ్బాయిని పని చూడనివ్వండి. మొదటిరోజు మీరూ వెంట వెళ్లండి. మాస్క్ లేకుండా మావాణ్ని ఆర్క్ దగ్గరికి రానివ్వవద్దని యజమానితో చెప్పి రండి.