మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌లో కంపారేటర్ మీద ఎప్పుడూ 0 చూపిస్తోందా?

రెడ్‌స్టోన్ (ఆటలో కరెంటు లాంటిది) బలాన్ని అంకెగా చూపే మీ మాడ్ (ఆటకి జోడించే అదనపు ప్రోగ్రామ్) పాడవలేదండీ. ఒంటరి ఆటలో సరిగ్గా చూపించి, సర్వర్‌లోకి వెళ్లగానే కంపారేటర్ (సిగ్నల్ బలాన్ని కొలిచి పంపే బ్లాక్) మీద 0 వస్తోందంటే కారణం మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ పరిమితే.

తీగలా సిగ్నల్ మోసే రెడ్‌స్టోన్ డస్ట్ బలం (0 నుంచి 15) బ్లాక్ స్టేట్‌లోనే, అంటే బ్లాక్‌తో పాటు సర్వర్ పంపే వివరాల్లోనే ఉంటుంది, కాబట్టి క్లయింట్‌కి (మీ కంప్యూటర్‌లో నడిచే ఆటకి) తెలుస్తుంది. ఎఫ్3 నొక్కి డస్ట్ వైపు చూడండి, కుడివైపు ఆ అంకె కనబడుతుంది. కంపారేటర్‌కి మాత్రం వెలిగిందా లేదా అన్నదే స్టేట్‌లో ఉంటుంది. అసలు బలం బ్లాక్ ఎంటిటీలో (బ్లాక్‌కి విడిగా ఉండే డేటాలో) దాగి, సర్వర్ దాటి రాదు. క్లయింట్ మాడ్ ఎంత మంచిదైనా రాని అంకెను చూపలేదు.

మాడ్‌కి సర్వర్ భాగం ఉంటే అక్కడా అదే వెర్షన్ వేయించండి. లేకపోతే కంపారేటర్ ముందు ఒక్క డస్ట్ పెట్టి దాని అంకె చదవండి: పక్క బ్లాక్‌లో బలం తగ్గదు, ఆ తర్వాతే బ్లాక్‌కి 1 చొప్పున పడిపోతుంది. నాకైతే ఇదే నమ్మకమైన దారి.

కంపారేటర్ వెనక హాపర్ (వస్తువులు పట్టే గరాటు బ్లాక్) పెట్టి సరిచూసుకోండి. అందులో 64 చొప్పున పేరుకునే వస్తువులు 22 ఉంటే బలం 1, 23 అయితే 2 రావాలి. ఒకే టిక్‌లో (ఆట లెక్కలో సెకనులో 20వ వంతు) వెలిగి ఆరిపోయే పల్స్ మాత్రం డస్ట్ మీదా కనబడదు.